వేలానికొచ్చిన తొలి ప్రయాణం

మా సంఘంలో కోత పండుగ రోజు వేలం వేసేది నేనే. గొంతు పెద్దది, మొహమాటం చిన్నది కాబట్టి ఆ పని నాకు అంటగట్టారు. జమ్మలమడుగు చుట్టుపక్కల శనగలు ఇళ్లకు చేరాక ఒక ఆదివారం ఈ పండుగ చేస్తాం. ఆ ఏడాది ఎవరి పొలంలోనో దొడ్లోనో ఇంట్లోనో కొత్తగా ఏది చేతికొచ్చినా, అందులో మొదటిది దేవునిదని చర్చికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటిని వేలం వేస్తాం. కోడిపుంజులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, మేం చీనీకాయలనే బత్తాయిలు మామూలుగా వచ్చేవే. ఒక ఏడాది కుట్టుమిషన్ కొన్నామె తొలిసారి కుట్టిన జాకెట్టు తెచ్చింది. అది ఎవరి కొలతకూ సరిపోక పాస్టరమ్మగారే పాడుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో నేను వేలం వేయని వస్తువు లేదని అనుకునేవాణ్ణి. ఒక ఆడమనిషి స్కూటీ మీద చేయబోయే తొలి ప్రయాణాన్ని వేలం వేస్తానని మాత్రం అనుకోలేదు.

ఆ ఆడమనిషి సుశీలమ్మ. పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు. రిటైర్మెంటు దగ్గరపడిన వయసు, సన్నటి మనిషి, మాట తక్కువ. భర్త ప్రేమానందం మా సంఘపెద్ద. ఆర్టీసీలో జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. తన సర్వీసులో ఒక కోడిపిల్లను కూడా తొక్కించలేదని ఎవరూ అడగకపోయినా చెబుతాడు. మంచివాడే. కాకపోతే బస్సు దిగాక కూడా డ్రైవరు సీటులోంచి దిగలేదు, అంతే ఆయనతో వచ్చిన ఇబ్బంది.

పెళ్లయినప్పటి నుంచి సుశీలమ్మ ఎక్కడికి పోవాలన్నా ఆయన మోటారు సైకిలు వెనకే పోవాలి. ఆమె ఒక పక్కకు కూర్చునేది కాబట్టి రోడ్డు ఎడమ పక్కన ఏమున్నాయో మాత్రం బాగా తెలుసు. ముందు ఏముందని అడిగితే ఆయన చొక్కా రంగు చెప్పాల్సిందే. ఆ బండికి ఇండికేటర్లు పాడైపోయి చాలా కాలమైంది. ఆయన బాగు చేయించలేదు, ఎందుకంటే అవసరం పడలేదు. కుడికి తిరగాలంటే "చెయ్యి" అనేవాడు, వెనకనుంచి సుశీలమ్మ కుడిచెయ్యి చాపేది. జమ్మలమడుగులో ఆ చేతిని చూసి బ్రేకు వేయని ఆటోవాడు లేడు.

పోయిన ఏడాది ఒక సాయంత్రం ప్రేమానందం ఆమెను బడి నుంచి తీసుకురావడం మరిచిపోయాడు. కమలాపురంలో పాత డిపో స్నేహితులు కలిశారట, టీ తాగుతూ కూర్చున్నారట. పిల్లలు ఇళ్లకు పోయారు, బడి ఆయమ్మ గేటుకు తాళం వేసుకుని పోయింది. సుశీలమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని గేటు ముందర బండరాయి మీద కూర్చుంది. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "ఏంది టీచరమ్మా, సారు రాలేదా?" అని అడిగి పోతుంటే, ఆమెకు ఆకలికంటే సిగ్గు ఎక్కువైంది. పొద్దుగూకే వేళకు ఆయన వచ్చి, "మాటల్లో పడి టైమే తెలీలేదు సుశీలా, ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కింది. మలుపు దగ్గర "చెయ్యి" అన్నాడు. చాపింది.

మర్నాడు పక్కింటి షాహిస్తా దగ్గరికి పోయింది. షాహిస్తా బ్యాంకులో పనిచేస్తుంది, స్కూటీ మీద ఊరంతా తిరుగుతుంది.

"నాకు బండి నేర్పిస్తావా పాపా?" అని అడిగింది సుశీలమ్మ.

"యాడికి పోవల్ల టీచరమ్మా మీరు? చెప్పండి, నేనే దింపుతా."

"ఎవురో దింపేదొద్దు. నా ముందర ఎవురి ఈపూ ఉండగూడదు, నా ఎనక ఎవురూ కూర్చోగూడదు. ఒక్కసారన్నా అట్ల ఒంటిగా పోవాల. ఆ పైన మళ్లీ ఎవురి ఎనక కూర్చోమన్నా కూర్చుంటా."

షాహిస్తా నాతో ఈ మాట చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

నేర్చుకోవడం తెల్లవారగానే, ఊరి చివర మైదానంలో. ఇంట్లో మాత్రం పొద్దున ప్రార్థనకు పోతున్నానని చెప్పేది. ప్రేమానందం సంబరపడి, తన భార్య భక్తి ఎంత పెరిగిందో కమిటీ మీటింగులో మా అందరికీ వర్ణించాడు. పొద్దున ప్రార్థనకు వచ్చేది నేనూ పాస్టరుగారూ ఇద్దరు ముసలమ్మలూ కాబట్టి, ఆమె రావడం లేదని నాకు తెలుసు. పాస్టరుగారికీ తెలుసు. ఆయన నా మొహం చూశారు, నేను ఫ్యాను వైపు చూశాను.

"కింద చూడొద్దు టీచరమ్మా, చక్రం యాడికీ పోదు. ముందర చూడండి" అని షాహిస్తా పక్కన పరుగెత్తుతూ అరిచేదట. ముందు చూడడం సుశీలమ్మకు అన్నిటికంటే కష్టమైంది. అలవాటు లేని దిక్కు మరి. మోచేతులు గీరుకున్నాయి, ఒకసారి గేదె మీదికి పోయి గేదె చేత కూడా చీవాట్లు తిన్నంత పనైంది. అయినా మానలేదు.

టెస్టుకు ప్రొద్దుటూరు పోవాలి. బడికి సెలవు పెట్టి, షాహిస్తాతో బస్సులో పోయింది. అక్కడి మైదానంలో అద్దెకు తీసుకున్న స్కూటీని ఎనిమిది అంకె ఆకారంలో నడపాలి. కాలు కింద పెట్టకుండా చక్కగా నడిపిందట, కానీ మలుపు వచ్చిన ప్రతిసారీ కుడిచెయ్యి దానంతట అదే చాచుకోబోయింది. యాక్సిలరేటరు ఆ చేతిలోనే ఉంది కాబట్టి బండి ఠక్కున ఆగబోయేది, ఆమె మళ్లీ పట్టుకునేది. చూసే కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వు ఆపుకుని, "ఇండికేటరు ఉందమ్మా బండికి, మీ చేతిని ఇంక ఇంట్లో పెట్టుకోండి" అని పాస్ చేశాడు. సుశీలమ్మ ఆ మాటకు బస్సులో ఇంటిదాకా ముసిముసిగా నవ్వుకుంటూ వచ్చింది.

ఆ సంతోషం ఇల్లు చేరేదాకానే. ప్రొద్దుటూరులో స్థిరపడిన పాత కండక్టరు ఒకాయన ఆ దారిన పోతూ చూసి, అప్పటికే ప్రేమానందానికి ఫోను కొట్టాడు.

"మామా, మీ ఇంటామె ఈడ ఎనిమిది తిరుగుతాంది!"

ప్రేమానందం కోప్పడలేదు. కోపమైతే ఒక పూటలో పోయేది, ఆయన బాధపడ్డాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. "మూడు ఊర్ల జనం నన్ను నమ్మి కండ్లు మూసుకోని నిద్రపోయినారు నా బస్సులో. ఇంట్లో మనిషికి మాత్రం నా మీద నమ్మకం లేకపాయ!" అన్నాడు. ఆమెకు కావాల్సింది నమ్మకమైన డ్రైవరు కాదు అని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. అన్నం దగ్గర కూడా మాట్లాడలేదట కొన్నాళ్లు. ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు, ఇద్దరూ గోడ మీది వాక్యాల క్యాలెండరు చదువుకునేవాళ్లు.

చివరికి ఆయనే మెత్తబడ్డాడు. "లైసెన్సు తెచ్చుకున్యావ్, బండి లేకపోతే దాన్ని ఏం జేసుకుంటావ్?" అని తనే ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. డబ్బు ఆమెదే, రంగు మాత్రం ఆయన ఎంచాడు. ఆమెకు ఎరుపు కావాలని ఉంది, ఆయన బూడిద రంగు మురికి కనపడదన్నాడు. షోరూము కుర్రవాడు అలవాటుగా చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, "మాకు అయ్యి లేవప్పా" అని ప్రేమానందం వంగి తీసేశాడు. సుశీలమ్మ వాటిని బ్యాగులో వేసుకుంది, మర్నాడు మేమందరం నిమ్మకాయ పులిహోర తిన్నాం.

తర్వాత ఏం జరిగిందో వింటే మీకు నవ్వొస్తుంది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తాళంచెవి చేతికి రాగానే ప్రేమానందం బండెక్కి స్టార్టు చేసి, "ఎక్కు సుశీలా. ఊళ్లో రద్దీ, నీకు అలవాటు లేదు" అన్నాడు. తన సొంత బండి మీద, తన లైసెన్సు బ్యాగులో పెట్టుకుని, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా సుశీలమ్మ వెనక సీట్లో ఒక పక్కకు కూర్చుని వచ్చింది. ఇంటి ముందర దిగి ఆమె తాళంచెవి కోసం చెయ్యి చాపితే, ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. "పాస్టరయ్యగారు ప్రార్థన జేయకుండా ఎట్ల ముట్టుకుంటావ్?" అన్నాడు.

ఆ ఆదివారమే చర్చిలో ప్రకటనల వేళ ఆయన లేచి నిలబడ్డాడు. "దేవుడు మా ఇంటికి కొత్త వాహనం ఇచ్చినాడు. దాని ప్రథమ ఫలంగా మా ఇంటామె చేయబోయే తొలి ప్రయాణాన్ని కోత పండుగకు అర్పిస్తాండాం. పాడుకున్నోళ్లు ఎనక కూర్చుంటే, ఆమె వాళ్లను యాడికి చెప్తే ఆడికి తీస్కపోతాది" అన్నాడు. జనం ఆమేన్ అన్నారు. స్త్రీల వైపు కూర్చున్న సుశీలమ్మ మొహం చూశాను, తెల్లగా పాలిపోయింది. ఆమెను ఒక్క మాట అడగలేదు. దేవునికని నలుగురిలో చెప్పాక వెనక్కి తీసుకోవడం మా సంఘంలో లేదు, అది ఆయనకు తెలుసు. ఆయన లెక్క కూడా తేలికగానే అర్థమైంది నాకు. సంఘపెద్ద మీద ఎవరూ పోటీకి రారు, తనే చవగ్గా పాడుకుని వెనక కూర్చుంటాడు, తొలి ప్రయాణం తన పర్యవేక్షణలో జరుగుతుంది. భక్తి పేరు మీద చేసుకున్న ఇంత చక్కటి ఏర్పాటు నేను ఇంకోటి చూడలేదు.

పండుగ రోజు గుమ్మడికాయల పక్కన బూడిద రంగు స్కూటీ నిలబెట్టారు. ఎవరో హ్యాండిలుకు బంతిపూల దండ వేశారు. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పాస్టరుగారు దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. కోళ్లు అయిపోయాయి, గెలలు అయిపోయాయి. నేను గొంతు సవరించుకుని, "సుశీలమ్మ టీచరుగారి తొలి ప్రయాణం!" అని కేకేశాను.

ప్రేమానందం నవ్వుతూ చిన్న మొత్తానికి పాట పాడాడు. నేను ఒకటోసారి అనబోతుంటే ఆదినారాయణ చెయ్యెత్తాడు. ఈయన పెద్దముడియం వైపు పెద్ద రైతు, మా మతం కాదు. అయినా ప్రతి ఏడూ వచ్చి ఒక కోడిపుంజును దాని విలువకు మించి పాడుకుని పోతాడు. ఎన్నికలున్న ఏడు రెండు పుంజులు.

"టీచరమ్మ మా ఊరి బడికే గదా పొయ్యేది. నన్ను కూడా మా ఇంటికాడ దించితే సాలు" అన్నాడు చంకలో పుంజుతో. అందరూ నవ్వారు. ప్రేమానందం నవ్వు తగ్గించి పాట పెంచాడు. ఆదినారాయణ సరదా కొద్దీ ఇంకాస్త పెంచాడు.

అప్పుడు స్త్రీల వైపు నుంచి సన్నగా ఒక గొంతు. "ఇంకో వెయ్యి."

తిరిగి చూస్తే సుశీలమ్మ నిలబడి ఉంది. షామియానా కింద తలలన్నీ అటు తిరిగాయి, పుంజుది తప్ప.

"నేను పాడ్తాండా గదా, నువ్వెందుకు మళ్లా?" అన్నాడు ప్రేమానందం.

"మీ పాట మీది. నా పాట నాది."

ఆదినారాయణ వెంటనే కూర్చున్నాడు. "మొగుడూ పెండ్లాల మధ్య నేనెందుకప్పా" అన్నాడు. ప్రేమానందం మాత్రం కూర్చోలేదు. ఆయన పెంచాడు, ఆమె పెంచింది. ఆయన పెన్షనూ ఆమె జీతమూ చేరేది ఒకే బీరువాలోకి అని ఊరంతటికీ తెలుసు. ఒకే ఇంటి నుంచి రెండు పాటలు రావడం సంఘానికి కొత్త, పాస్టరుగారు కండ్లు మూసుకుని కూర్చున్నారు గానీ పెదాల మీద చిరునవ్వు దాచుకోలేకపోయారు. చివరికి ప్రేమానందం చుట్టూ చూశాడు. అంతమంది చూస్తుండగా భార్యతో పోటీ పడుతున్నానని అప్పటికి గాని ఆయనకు తట్టలేదు. పాట పెంచకుండా కూర్చున్నాడు.

నేను ఒకటోసారి అన్నాను, రెండోసారి అన్నాను. నిజం చెప్పాలంటే కొంచెం తొందరగానే మూడోసారి కూడా అన్నాను.

సుశీలమ్మ నడిచి వచ్చి భర్త ముందు చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. "సరే, పాడుకున్యావ్. ఎవురిని ఎక్కించుకుంటావ్?"

"ఎవురినీ ఎక్కించుకోను."

"యాడికి పోతావ్? ఎప్పుడొస్తావ్?"

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. "అన్నా, పాడుకున్న కోడిని కోసుకుంటారా సాకుకుంటారా అని మనం ఎప్పుడన్నా అడిగినామా? ఇదీ అంతే" అన్నాను. జనం ఔనన్నారు. ప్రేమానందం నన్ను చూసిన చూపు గురించి రాయను, మేమింకా ఒకే కమిటీలో ఉన్నాం.

ఆమె బంతిపూల దండ తీసి గుమ్మడికాయ మీద పెట్టి, బండి స్టార్టు చేసి, గేటు దాటి పోయింది. ఆ తర్వాత సంగతులు ఆమె నాకు చెప్పినవే. భర్తకు ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు.

నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చి ఆగిందట. ముందర ఎవరి వీపూ లేదు, వెనక ఎవరూ లేరు, కోరుకున్నది కోరుకున్నట్టు దొరికింది. ఎక్కడికి పోవాలో మాత్రం తెలియలేదు. ఇల్లు, బడి, ఆసుపత్రి, చర్చి, అత్తగారి ఊరు. ఇన్నేళ్లలో ఆమె పోయిన చోట్లన్నీ ఎవరో ఒకరు పొమ్మన్నవే. నీకు ఎక్కడికి పోవాలని ఉందని ఎవరూ అడగలేదు, తనను తాను కూడా అడుక్కోలేదు. "అప్పుడు నాకు ఏడుపొచ్చింది జయప్రకాషన్నా. ఇంత దుడ్డు పోసి కొనుక్కోని, యాడికి పోవల్లో తెలీక రోడ్డు మీద నిలబడినా" అంది. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఇంతలో పులివెందుల బోర్డుతో బస్సు పక్కనుంచి పోయింది. పెళ్లయినప్పటి నుంచి రోజూ విన్న పేరు, తన భర్త రోజూ పోయి వచ్చిన ఊరు, ఆమె మాత్రం ఏదో పెళ్లికి ఒకసారి పోయిన గుర్తు. ఆ బస్సు వెంట పోయింది.

బస్సు కాసేపట్లోనే కనపడకుండా పోయింది. ఆమె తన నడకన తను పోయింది. ముద్దనూరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. గాలి సూటిగా మొహానికి కొట్టింది. గాలి ఎదురుగా కూడా వస్తుందని అప్పుడే తెలిసిందట. వెనక సీటు మీది ప్లాస్టిక్ కవరు గాలికి టపటపమంటుంటే ఎవరో కూర్చున్నారేమోనని రెండుసార్లు తిరిగి చూసి, ఎవరూ లేరని సంతోషపడింది. చీనీ తోటలు వచ్చాయి, అరటి తోటలు వచ్చాయి. మొదట లోలోపల ఒక కీర్తన మొదలుపెట్టి, వినేవాళ్లెవరూ లేరు గదా అని గొంతెత్తి పాడేసింది.

పులివెందుల బస్టాండు ముందర బండి ఆపింది. పక్కనే ఒక టీ కొట్టు, దాని ముందర గోడకు కాస్త ఎడంగా ఒక చెక్క బెంచీ. కూర్చుని టీ చెప్పింది. కొట్టాయన పేరు జియావుల్లా, నెరిసిన గడ్డం.

"యా ఊరమ్మా?"

"జమ్మలమడుగు."

"జమ్మలమడుగా! మా డ్రైవర్ ప్రేమానందం మామ ఊరు గదా. తెలుసా ఆయన? బాగుండాడా?"

తెలుసని, బాగున్నాడని చెప్పింది. ఎవరో మాత్రం చెప్పలేదు.

"శానా మంచి మనిషి. నువ్వు కూర్చున్నదే ఆయన బెంచీ. బస్సు పెట్టంగానే వచ్చి, బూట్లిప్పి, కాళ్లు సాపుకోని కూర్చునేటోడు. మళ్లీ బస్సెత్తే దాకా గంట సేపు. ఎవురు పలకరించినా ఊ అనేటోడు గాదు. ఒగసారి అడిగినా, ఏంది మామా ఎవురితోనూ మాట్లాడవని. 'జియా, నన్ను యాడికి, ఎందుకు అని ఎవురూ అడగని జాగా నాకు ఇదొక్కటేరా' అన్న్యాడు."

సుశీలమ్మ గ్లాసు బెంచీ మీద పెట్టింది. ఆయన ఆ రోజుల్లో ఇంటికి వచ్చి, పొద్దంతా నడుము వాల్చే తీరిక లేదని మంచం మీద వాలితే, తను నూనె కాచి ఆ కాళ్లకు రాసేది. తను ఊరందరి ముందర నిలబడి వేలంలో కొనుక్కున్నది ఆయనకు రోజూ ఒక గంట ఊరికే దొరికింది, అదీ జీతంతో సహా. దాని రుచి బాగా తెలిసినవాడే తనకు ఒక్క రోజు దక్కకుండా జేబులో దాచుకున్నాడు. ఆమెకు మండిపడేంత కోపం వచ్చింది. కోపం కాస్త తగ్గాక ఆ బెంచీ మీద ఒంటరిగా కాళ్లు చాపుకున్న మనిషి కనపడి జాలి కూడా వేసింది, దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

ఫోను మోగింది. టీ అయ్యేదాకా మోగనిచ్చి, తర్వాత తీసింది.

"యాడుండావ్ సుశీలా? పొద్దు వాలుతాంది. యాడికి పొయినావ్?"

"పులివెందులలో ఉండా. బస్టాండు ముందర, జియావుల్లా కొట్లో."

"ఆడ నీకేం పని?"

"పనేం లేదు. మీకేం పని ఉన్నింది ఈడ, ఇన్నేండ్లు?"

ఫోను కట్టయిందేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూసింది, కట్ కాలేదు. కడకు ఆయన గొంతు వచ్చింది. ఎప్పుడూ వినని గొంతట, చిన్నది.

"ఈ టైముకు ఆ బెంచీ మీదికి ఎండొస్తాది. గోడ పక్కకు జరుపుకో."

సుశీలమ్మ బెంచీ జరపలేదు. జియావుల్లాకు ఇంకో టీ చెప్పి, చెప్పులు విడిచి, ఎండలోనే కాళ్లు చాపుకుంది.